క్యారియర్ ఊడదీసిన రోజు

మా చిన్నప్పుడు... వానాకాలం పొద్దున వాకిట్లో సైకిల్ గంటలు మోగుతుంటే, జడ సగం అల్లుకునే బయటికి ఉరికేదాన్ని. నాకు ఆలస్యమైతే మా అన్న మల్లేశం కంటే ముందు వాడి దోస్తులు గొణిగేవాళ్లు.

చిరాగ్‌పల్లి దగ్గర మా ఊరు. డెబ్బైల చివరి రోజులు. ఊళ్లో బడి ఏడో తరగతి వరకే, ఆపైన నడిచిపోలేనంత దూరం, జహీరాబాద్ వెళ్లాలి. మగపిల్లలు అయిదారుగురు గుంపుగా సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు. ఆడపిల్లల్లో నేనొక్కదాన్నే... అన్న సైకిల్ క్యారియర్ మీద, పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని. ఆ క్యారియర్ ఉంది కాబట్టే నాకు చదువు.

హైవే ఎక్కేదాకా ఎర్రమట్టి బాట. వాన పడితే ఆ బంకమట్టి మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య ఇరుక్కుని సైకిల్ కదిలేది కాదు. ఒకరి చక్రం పట్టేస్తే గుంపంతా ఆగాలి... అది మా పద్ధతి. అందరూ కందికట్టె పుల్లలు తెచ్చి మట్టి పొడిచి తీసేవాళ్లు. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయేది. గేటు దగ్గరే బెత్తం దెబ్బలు, అందరికీ.

గుంపుకు పెద్ద నర్సింలు. ఓ రోజు దెబ్బలు తిన్న చేతులు ఊదుకుంటూ తేల్చేశాడు. "రేపటి సంది ఎవ్వని సైకిల్‌కు మడ్‌గార్డు ఉండొద్దు. ఉన్నోడు మాతోని రావొద్దు."

మడ్‌గార్డులు ఊడాయి. నిజం చెప్పాలంటే సైకిళ్లు బాగానే ఉరికాయి. కానీ చక్రం చిమ్మిన బురదంతా ఎక్కడికి పోతుంది? మగపిల్లల వీపుల మీద ఎర్రచార పడితే అదో షోకు! నా లంగా, జడ, పుస్తకాలు తడిసి ముద్దయితే క్లాసులో నవ్వులు. గోనెసంచి కప్పుకుని కూర్చునేదాన్ని. ఏడుపొచ్చేది... అయినా బడి మానలేదు. ఒకసారి మానితే మళ్లీ పంపరని నాకు తెలుసు.

తర్వాత నర్సింలు కళ్లు క్యారియర్ల మీద పడ్డాయి. "అరేయ్ మల్లేశం, గా క్యారియర్ బరువు, మీ చెల్లె బరువు... నీకోసం ఎన్నిసార్లు ఆగాల్రా? మేమందరం తీసేసినం. నువ్వు గూడ తియ్యి, లేకుంటే ఒక్కనివే రా."

అన్న కొన్నాళ్లు నన్నెక్కించుకుని ఒంటరిగానే తొక్కాడు. ముందెక్కడో గుంపు కేకలు వినబడేవి, మనుషులు కనబడేవాళ్లు కాదు. వాడు నాతో మాట్లాడటం మానేశాడు.

ఓ ఆదివారం వాకిట్లో పానా పట్టుకుని కూర్చున్నాడు. నట్లు తుప్పు పట్టి రానంటుంటే నూనె పోసి మరీ విప్పాడు.

"అన్నా, జర ఆగే... పరీక్షల దాక ఉంచే" అని కాళ్లావేళ్లా పడ్డాను. ఇంకో నట్టుకు పానా తగిలించాడు. పోనీ, ముందు కడ్డీ మీద కూర్చుంటానన్నాను. అమ్మ గయ్‌మని లేచింది.

"ఈడొచ్చిన పిల్లవు, ముందల కడ్డీ మీద కూసుంటవా? ఊరు ఏమంటది? చదివింది సాలు తియ్యి!"

నాయన విననట్టే చేను దిక్కు వెళ్లిపోయాడు. మరునాడు గుంపు కలిసి బడికి వెళ్లింది. నేను అల్లం చేలో కలుపు తీశాను. అంతే... నా చదువు అక్కడితో అయిపోయింది.

మా అన్న చెడ్డవాడు కాదు. ఆ వయసులో గుంపు వదిలితే బతుకే లేదనుకున్నాడు. నా బతుకు ఆ ఇనుపముక్క మీద కూర్చుని ఉందని మాత్రం ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

మొన్న వానలో మా అన్న మనవడు హైదరాబాద్ నుంచి స్నేహితులతో సైకిళ్ల మీద వచ్చాడు. అన్నిటికీ మడ్‌గార్డులున్నాయి. ఇవెందుకురా అని అడిగాను.

"మడ్‌గార్డు లేకుంటే మా గ్రూపుల రానియ్యరు అవ్వా. వెనకొచ్చెటోళ్ల మీద బురద పడొద్దు కద!"

పక్కనే ఉన్న అన్న లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు. "మంచిగున్నది బిడ్డా" అన్నాను నేను. వెనక ఉన్నవాళ్ల గురించి ఆలోచించే గుంపు వచ్చేసరికి నాకు అరవై దాటాయి...

మీలో సైకిల్ వెనక కూర్చుని బడికి వెళ్లిన ఆడవాళ్లుంటే చెప్పండి. పది పాసయ్యారా? ఒక్కరైనా అయ్యానని రాయండమ్మా... చదవాలని ఉంది.