ఇంజన్‌కు రాసిన పౌడరు

మా మేస్త్రి గారు పోయారని కాకినాడ నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు, నేను దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఒక పడవ ఇంజన్ పక్కన బోర్లా పడుకుని ఉన్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. పోయినేడే పని చాలించుకుని ఇంటికి వెళ్లారు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. చూసి ఉంటే ఆయన, "ఆయిల్‌లో నీళ్లు కలపకురా" అనేవారు.

మాది నిజామాబాద్ వైపు పల్లె. లారీ ఇంజన్లే తప్ప నీళ్ల మీద నడిచేదేదీ ఎరగను. ఆయన చేపల బోట్ల మీద చెయ్యి తిరిగిన మనిషి, మా పడవల రిపేరు యార్డుకు పెద్ద మేస్త్రి. అణకువ ఆయన ఇంటావంటా లేదు. "నా చెయ్యి పడ్డ ఇంజన్ మళ్లీ నా మొహం చూడదు" అనేవారు. నిజంగానే తిరిగొచ్చేవి కావు. రూములో చేపల పులుసు ఇంకొకరిని వండనిచ్చేవారు కాదు. నేను గరిటె పట్టుకుంటే, "మీ ఊళ్లో చేపలకి ఈతే రాదు, నీకు పులుసేం వచ్చురా" అని లాక్కునేవారు.

నా కూతురు పుట్టినప్పుడు నేనిక్కడే ఉన్నాను. ఫోన్‌లో దాని ఏడుపు వినడమే. చివరికి ఊరెళ్లడానికి చుట్టీ, అదే సెలవు, దొరికింది. అందరిలాగే అట్టపెట్టె సర్ది, నైలాన్ తాడుతో బిగించి, మార్కర్‌తో పేరు రాసుకున్నాను. రేపు ప్రయాణమనగా, ఒక తెరచాప పడవ మా రేవుకొచ్చింది. దాని డీజిల్ ఇంజన్ కింద, వెనకవైపు, ఆయిల్ మడుగు కట్టి ఉంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపే వెనక సీలు పోయిందన్నాం అందరం. సీలు మార్చాలంటే ఇంజన్ బయటికి లాగాలి, అది రోజుల పని.

ముదీర్, అంటే మా యార్డు మేనేజరు, ఒక్క మాటలో తేల్చేశాడు. "ఇంజన్ ఠీక్ హోగా, తబ్ ఛుట్టీ."

"ఇగ నా చుట్టీ ఖలాస్, మేస్త్రీ" అన్నాను.

"ఎవడన్నాడ్రా? ముందు దీనికి నీళ్లు పోద్దాం."

ఇంజన్‌ను డీజిల్‌తో కడిగించి, గుడ్డ పెట్టి పొడిగా తుడిపించారు. తర్వాత రూముకు వెళ్లి పౌడరు డబ్బాతో వచ్చారు. అది నా పెట్టెలోది. అంత బిగించి కట్టిన తాడు విప్పేశారని నాకు ఒళ్లు మండింది.

"అది నా బిడ్డకు కొన్న, మేస్త్రీ."

"ఇదీ పసిదేరా. నీళ్లు పోశాక పౌడర్ రాయరా ఏంటి?"

ఇంజన్ ఒళ్లంతా తెల్లగా చల్లారు. పడవను రేవుకు కట్టే ఉంచి, స్టార్ట్ చేసి గేరులో వేయించారు. ఇద్దరం టార్చి పట్టుకుని కూర్చున్నాం. కాసేపటికి ఆ తెలుపు మీద ఒక నల్లటి గీత దిగింది. సీలు దగ్గర కాదు, ముందువైపు పైన, ఆయిల్ ప్రెజర్ స్విచ్ కింది నుంచి. పడవలో ఇంజన్ వెనక్కి వాలి ఉంటుంది కనుక, ముందు కారింది వెనక్కి జారి మడుగు కడుతోంది.

"తడిసిన చోటుని తిట్టకు. ఎగువకి చూడు" అన్నారు. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది ఆ మాటే.

స్విచ్ మార్చి, మళ్లీ కడిగి, మళ్లీ పౌడరు చల్లి నడిపించాం. ఎక్కడా తడి లేదు. ముదీర్ వేలితో తడిమి చూసుకుని, "యల్లా, ఘర్ జావ్" అన్నాడు.

నా పెట్టె మేస్త్రిగారే పడవ ముడి వేసి కట్టారు. ఇంటి దగ్గర ఆ ముడి విప్పడం ఎవరివల్లా కాక కొడవలితో కోశాం. అమ్మ పిల్లకు నీళ్లు పోసి, డబ్బా చేతిలోకి తీసుకుని ఊపి చూసింది.

"సగం డబ్బనే తెచ్చినవేందిరా?"

"తక్కిన సగం ఇంజన్ పూసుకున్నదే అమ్మా."

పౌడరు రాసి పిల్లను నా ఒళ్లో పెట్టింది. కొత్త మొహం చూసి అది గుక్కపట్టి ఏడ్చింది. చెంప మీది తెల్లటి పౌడరులో ఒక తడి గీత కిందికి దిగింది. నేను ఎగువకి చూశాను. అచ్చం మా అమ్మ కళ్లు.