తొక్కల మాస్టారి ఓటములు

తొక్కల మాస్టారి కళ్లెదుట పండు తిని తొక్క పారేయగలిగిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. తొన ఇంకా నోట్లో నలుగుతుండగానే ఆయన చెయ్యి చాపేస్తారు. "ఆ తొక్క ఇలా ఇవ్వు నాయనా." డైరెక్టరుగారి దానిమ్మ తొక్కనైనా, గేటు కాపలాదారు వెల్లుల్లి పొట్టునైనా వదలరు. ఆయన కోటు ఉతికేవాడు జేబులు తడమడం ఎప్పుడో మానేశాడు.

ఇది పిచ్చి కాదు, పరిశోధన. ఏ మందుకీ లొంగని క్రిములు ఒకచోట చేరి, జిగట పాచి కట్టుకుని, దాని కింద హాయిగా కాపురం చేస్తాయి. ఆ పాచిని కరిగించే గుణం ఏ తొక్కలోనైనా ఉందా అని ఆయన వెతుకులాట. ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో పాచి పెంచి, తొక్క రసం పోసి, కడిగి, ఊదా రంగు వేస్తారు. రంగు అంటుకుంటే పాచి గెలిచినట్టు. పదకొండేళ్లుగా అంటుకుంటూనే ఉంది.

ఆ ప్లేట్లు కడిగే ల్యాబ్ అమ్మాయికి ఒకప్పుడు ఇదంతా నవ్వులాట. ఇప్పుడు కాదు. వాళ్ల అన్నయ్య కాల్లో వేసిన స్టీలు కడ్డీకి సరిగ్గా ఆ పాచే పట్టింది. వారంలో తగ్గకపోతే మోకాలి కింద తీసేస్తామన్నారు పక్క ఆసుపత్రి డాక్టర్లు. మాస్టారు ఊరుకున్నారా? వదిన చేత రోజుకో తొక్క తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

"మా వదినకి లేనిపోని ఆశ పెట్టకండి మాస్టారూ," అంది అమ్మాయి. "ఇవాళ దొరికినా అది మందు అవడానికి పదేళ్లు పడుతుంది."

"పదిహేను," అన్నారాయన నిమ్మతొక్క నూరుతూ.

ఐదో రోజు ఒక గుంట తెల్లగా తేలింది. రంగు చుక్కైనా లేదు. అమ్మాయి చేతి తొడుగులు కూడా విప్పకుండా ఆసుపత్రికి పరిగెత్తబోయింది. మాస్టారు నోటుబుక్కు తిరగేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆగమ్మా. ఆ గుంటలో క్రిములు వెయ్యడం మర్చిపోయాను."

ఇంత దరిద్రపు గెలుపు పగవాడికి కూడా వద్దు. తర్వాత రెండు రోజులు అమ్మాయి ఆయనతో మాట్లాడలేదు.

కాలు తీసేశారు. మర్నాడు వార్డులో వదినని పట్టుకుని అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆయన మాటలు నమ్మి నువ్వు..."

"నేనెక్కడ నమ్మాను?" అంది వదిన. "మొదటిరోజే చెప్పేశారు, ఇది మీ ఆయనకి అందదమ్మా అని. కానీ వరండాలో ఊరికే కూర్చుంటే మనిషివి మిగలవు, రేపు ఇంకోటి వెతికి తీసుకురా అన్నారు. రోజూ సాయంత్రం మంచం దగ్గరికొచ్చి, నీ తొక్క ఓడిపోయిందమ్మా అని చెప్పి వెళ్లేవారు. ఈ వార్డులో అందరికీ అంతే."

అమ్మాయి ఏడుపు ఆగింది. ఇంతలో పక్క మంచం ముసలాయన భార్య సంచీలోంచి గుప్పెడు ఉల్లిపొట్టు తీసింది. మత్తు ఇంకా పూర్తిగా వదలని అన్నయ్య మెల్లగా తల తిప్పాడు.

"ఉల్లి వద్దు పిన్నిగారూ," అన్నాడు నీరసంగా. "మాది మంగళవారమే ఓడిపోయింది. మీరు ఇంకేదన్నా చూడండి."