నాయనమ్మ ముఖం కడుక్కునేదాకా ఆగిన కెమెరా

ఇందుమూలంగా యావన్మంది కెమెరాదారులకు తెలియజేయునది ఏమనగా... ఇడ్లీని ఫోటో తీయునప్పుడు ఫ్లాష్ వేయరాదు. అది పుట్టుకతోనే తెల్లగా ఉన్నది. మిర్చి బజ్జీ తిన్న వేలితో ఫోన్ అద్దాన్ని తుడవరాదు. తుడిచి, ఫోటోలు మసకగా వస్తున్నాయని ఏడవరాదు.

ఏడుపంటే గుర్తొచ్చింది...

మా చిన్నప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉండేవాళ్ళం. మా తాత పోయిన రోజు అబిడ్స్ నుంచి స్టూడియో అంకుల్ వచ్చాడు, మూడు కాళ్ళ స్టాండు భుజాన వేసుకుని. మా చర్చివాళ్ళలో అదొక ఆనవాయితీ... శవపెట్టె మూత వేసే ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఒక ఫోటో. రాలేకపోయిన చుట్టాలకు చూపించడానికి.

స్టాండు నిలబెట్టి అంకుల్ నేరుగా మా నాయనమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, తియ్యాల్నా? వద్దంటే గిట్లనే పోత."

"జర ఆగు బిడ్డా... ముఖం కడుక్కొని వస్త."

పాస్టరయ్యగారు ఆగారు. పెట్టెను తీసుకెళ్ళాల్సిన బండీ వాకిట్లోనే ఆగింది. నాయనమ్మ ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చి తాత తలవైపు నిలబడింది. అప్పుడు తీశాడు అంకుల్... ఒక్కటంటే ఒక్క ఫోటో. అందులో నేను మా బావ తల వెనక రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి ఉంటాను. ఫోటో కడిగి వచ్చిన రోజు నా వీపు విమానం మోత మోగింది.

బావ అంటే మా సుగుణత్త కొడుకు. ఇప్పుడు పెద్ద ఫోటోగ్రాఫర్... అంటే, కొత్త కెమెరా కొన్నాడు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన కునికే ముసలాళ్ళను తీసి, 'జీవితం' అని పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో వేస్తాడు.

"ఎవని జీవితం బావా? ఆయనను అడిగినవా?" అన్నానొకసారి.

"అడిగితే నాచురల్‌గ రాదుర."

ఈ మధ్య సుగుణత్త భర్త, మా మామ, పోయాడు. అత్త పెట్టె మీద పడి ఏడుస్తోంది... జుట్టు విడిపోయి, నోరు తెరుచుకుని. కన్నకొడుకు దూరంగా నిలబడి జూమ్ చేసి తీశాడు. నలుపు తెలుపు చేసి పెట్టాడు. మంచి ఫోటోనే, అబద్ధమెందుకు... కిటికీ వెలుగు సరిగ్గా చెంప మీద పడింది. లైకులే లైకులు. చుట్టాలంతా దింపుకుని స్టేటస్‌లు పెట్టారు. తిరిగి తిరిగి అది చర్చి ఆడవాళ్ళ గ్రూపులోంచి అత్త ఫోన్‌కే వచ్చింది.

"నేనేడుస్తుంటె గిన్ని బొటనవేళ్ళు లేపిన్రారా?" అని నన్ను అడిగింది. "తీసెయ్యిమను దాన్ని. మీ మామ గూడ నన్ను గట్ల ఎన్నడు చూడలే."

బావ గొణుక్కుంటూ తన పేజీలోంచి తీశాడు. మరి చుట్టాల ఫోన్లలో?

పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక రోజు, భోజనాల దగ్గర, కొమ్ములు పెట్టిన నా పాత వేళ్ళ విద్య బయటికి తీసి, ఒక్కో చుట్టం దగ్గరికీ వెళ్ళాను. "ఏందన్నా, నీ కెమెరాకు గింత జిడ్డు? లాక్ తీసియ్యి, తుడుస్త." అద్దం తుడవడం... ఫోటో కూడా తుడవడం. తీసేసిన ఫోటో ఫోన్ చెత్తబుట్టలో కొన్నాళ్ళు బతికే ఉంటుంది, అక్కడినుంచి కూడా పీకాలి. ఇది నేర్చుకోండి, పనికొస్తుంది. అడగకుండా ఒకరి ఫోన్‌లో వేలు పెట్టడం తప్పు కాదా అంటారా? తప్పే. వాళ్ళు ఎవరిని అడిగి దాచుకున్నారట?

బావ కనిపెట్టాడు. "ఎందరివి తుడుస్తవ్‌రా పిచ్చోడా? గా ఫోటో బీదర్ దాక పోయింది."

నా చెయ్యి ఆగిపోయింది. అయినా అత్తతో "అందరి దాంట్లకెళ్ళి పోయింది అత్తా" అన్నాను. అత్త నవ్వింది. "అయితె ఇప్పుడు తియ్యి ఒకటి, మంచిగ" అని కుర్చీలో కూర్చుంది.

ఇప్పుడు ఏ ఇంట్లో చావైనా మనుషులకంటే ముందు ఫోన్లు లేస్తున్నాయి... మీ ఇళ్ళలో ఉన్న పాత ఫోటోల ముచ్చట్లు చెప్పండి. ఫోటోలే పెడతారా... అందులో ఉన్నవాళ్ళను ఒక మాట అడిగి పెట్టండి.

అన్నట్టు, అత్త నవ్వి కుర్చీలో కూర్చుందన్నది నేను అల్లింది. పోస్టు బాగుంటుందని. అత్త నవ్వలేదు. "నిజంగ పోయిందారా?" అని మాత్రం అడిగింది. మొన్న చర్చిలో ముందు వరుసలో ఎవరో సెల్ఫీకని ఫోన్ ఎత్తితే... కొంగు ముఖం మీదికి లాక్కుని, తల వంచేసుకుంది.