రాజవ్వ మిషన్‌కు నేను పెట్టిన వంకలు

నా నోటితో నేనే ఒక కుట్టుమిషన్‌ను చంపేశాను. సుత్తె పట్టింది పాత ఇనుము కొనే భంగార్‌వాడే అయినా హంతకుణ్ణి మాత్రం నేనే. ఇదంతా చదివాక మీకు నవ్వొస్తే నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతోంది. నాకే ఇంకా నవ్వు రావడం లేదు.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. కొందరికి పేకాట, కొందరికి మందు, నాకు పాత కుట్టుమిషన్లు. అవీ ఎవరో వాడి పక్కన పడేసినవి, నల్లగా, బరువుగా, ఒంటి మీద బంగారు రంగు పూలున్నవి. ముంబై పక్క భివండిలో, పద్మనగర్‌లో, గదులన్నీ వరసగా ఉండే ఒక చాళీలో మాది రెండు గదుల ఇల్లు. అందులో మనుషులం ఇద్దరం, మిషన్లు పదకొండు. మంచం కింద కొన్ని, అటక మీద కొన్ని, దేవుడి పటాల కింద ఒకటి. విచిత్రం ఏమిటంటే ఇంట్లో ఎవరికీ కుట్టడం రాదు. నా చొక్కా గుండీ ఊడితే మా ఆవిడ సుజాత కింద గల్లీలో ఉన్న టైలర్ దగ్గరికి పంపుతుంది.

"పదకొండు మిషన్లు పెట్టుకొని గుండీ కుట్టియ్యనీకి బయటికి పోతున్నం. జర సిగ్గనిపిస్తలేదా?"

"గవి కుట్టెటందుకు గాదు, చూసెటందుకు."

"చూసింది చాలు. ఇంకొక్కటి ఇంట్లకొస్తే నువ్వు దాని పక్కకే పండు. నా పక్కన జాగ లేదు."

ఒట్టు వేశాను. ఆదివారం కామత్‌ఘర్ రోడ్డు మీద పాత సామాన్లు పరుస్తారని, కూరగాయలకు కూడా ఆ దారి మానేసి చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. ఎక్కడో సస్తాలో, చవగ్గా మిషన్ ఉందని ఎవరైనా మొదలుపెడితే మాట మార్చేసేవాణ్ణి. ఇంత నిగ్రహం నాలో ఎక్కడ దాగుందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

రెండో జబ్బు ఉద్యోగం వల్ల వచ్చింది. ఒక సేట్ గాలాలో, అంటే బట్టల షెడ్డులో, నేను బట్ట చెకింగ్ చేస్తాను. సాంచెలనే మరమగ్గాల మీద నేసిన బట్ట తాకాలుగా, తానుల్లా చుట్టి మా బల్ల మీదికి వస్తుంది. దాన్ని ట్యూబ్‌లైటు కింద లాగి చూసి తప్పులు పట్టాలి. ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక పడింది, ఎన్ని తప్పులుంటే నేసినవాడి డబ్బులో అంత కోత, సేట్‌కు అంత మిగులు. తప్పులేని తాకా వస్తే సేట్ నా వంక అదోలా చూస్తాడు. కాబట్టి తప్పు లేనిచోట కూడా నా వేలు ఏదో ఒకచోట ఆగేది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా కూర కన్నా ముందు వంకే కనబడుతుంది.

ఈ రెండు జబ్బులూ ఒకే రోజు ముదిరాయి.

మా పక్క గల్లీలో రాజవ్వ ఉంటుంది. ఆమె భర్త నర్సయ్య నాలుగు సాంచెలు పెట్టుకుని నేసేవాడు, బట్ట మా సేట్‌కే వేసేవాడు. ఆయన పోయాక సాంచెలు అమ్మేశారు. కొడుకూ కోడలూ సూరత్‌లో పని చూసుకున్నారు. ఇక్కడ రాజవ్వ, మనుమరాలు శ్రావణి ఉంటారు. ఒక రోజు రాజవ్వ గుడి ముందు నన్ను ఆపింది.

"బిడ్డా, నీకు మిషన్ల సంగతి బాగ ఎరుకట గద. మా ఇంట్లున్నదాన్ని జర చూసి చెప్పరాదు. శ్రావణి కుట్టుడు నేర్చింది. మిషన్ మంచిగుంటే ఇంట్లనే కూసోని బ్లౌజులు కుట్టుకుంటది. లేకుంటే అమ్మేస్త."

కొననని ఒట్టు వేశాను గానీ చూడనని వేయలేదు కదా. వెళ్లాను. రాజవ్వ మిషన్ మీద కప్పిన పాత చీర తీసింది. చేత్తో తిప్పే మిషన్, బంగారు పూలలో ఒక్క రేకు కూడా చెరగలేదు. పెళ్లయిన కొత్తలో నర్సయ్య ముంబైలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. వేలు ఆనిస్తే చాలు, చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. నా పదకొండూ కలిపినా దీని కాలిగోటికి సరిపోవు.

"ఇది బంగారం పెద్దమ్మా, శ్రావణికి ఇవ్వు" అంటే అయిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. బల్ల దగ్గర ఇరవై ఏళ్లు తిరిగిన నాలుక మాత్రం తన దారిన తను పోయింది.

"చ్చొ, చ్చొ" అన్నాను.

"ఏంది బిడ్డా?"

"చక్రం జూడు పెద్దమ్మా, ఎంత వదులైందో. ముట్టుకుంటెనే తిరుగుతుంది."

"గట్ల తిరగొద్దా?"

"తిరగొద్దు. బిగువుండాలె. చప్పుడు గూడ లేదు, చూసినవా? లోపల పండ్లు అరిగిపోయినయి."

మీలో మిషన్ సంగతి తెలిసినవాళ్లుంటే ఇక్కడ నన్ను తిట్టుకోవచ్చు. నేను అక్కడితోనూ ఆగలేదు.

"పైన గీ మెరుపు జూడు. పూత పలచగైతెనే గిట్ల మెరుస్తది. శ్రావణి దీని మీద కుడితే దారం తెగుతది, పరాయోళ్ల బట్ట పాడైతది. ఒక్కల బట్ట పాడైతే మల్ల ఇంకెవ్వరిస్తరు?"

రాజవ్వ మొహం చిన్నబోయింది. "ఇన్నేండ్లు నాకు మంచిగనే కుట్టె గద."

"నీ చెయ్యి మంచిది పెద్దమ్మా. మిషన్ గాదు."

ఈ మాట తట్టినందుకు లోలోపల నా భుజం నేనే తట్టుకున్నాను. తరువాత, పెద్ద మనసు చేసుకున్నట్టు మొహం పెట్టి, "నీ మొహం జూసి నేనే తీస్కపోతలే. భంగార్‌వాడు ఇచ్చెదానికన్న జర ఎక్కువిస్త" అన్నాను.

"గంత చెడ్డది నీకెందుకు?"

"పార్టులకు అక్కరకొస్తది."

బేరంలో నాకొక పద్ధతుంది. చివరి మాట చెప్పి లేచి వచ్చేయాలి. ఒక పూట గడవనిస్తే అమ్మేవాళ్లే మెత్తబడతారు. "రేపొస్త" అని వచ్చేసి, ఇంట్లో బీరువా పక్కన జాగా జానలతో కొలిచాను. సుజాత ఏమిటని అడిగితే గోడ చెమ్మగా ఉందేమో చూస్తున్నానన్నాను.

మర్నాడు టెంపో మాట్లాడుకుని వెళ్లాను. మూల ఖాళీగా ఉంది. పాత చీర ఒక్కటే మడత పెట్టి ఉంది.

"మిషనేది పెద్దమ్మా?"

"పొద్దుగాల్నే భంగార్‌వానికి ఇచ్చేసిన."

"నేనొస్త అన్న గద."

"అన్నవు. మొహమాటానికి అన్నవు, నాకు తెల్వదా? చెడ్డదని ఎరికయి గూడ పక్క గల్లీ పిలగానికి అంటగట్టుదునా? గా పైసలతోని తింటే నాకు అన్నం సయిస్తదా?"

అదే టెంపోలో భంగార్ దుకాణానికి పరుగెత్తాను. పోత ఇనుమును సుత్తెతో ముక్కలు కొట్టి గోతాల్లో నింపుతారు అక్కడ. ఒక కుప్ప మీద బంగారు పువ్వు సగం కనబడింది.

"తోడ్ దియా సాబ్" అన్నాడు దుకాణంవాడు. "బుడ్డీ ఖుద్ బోల్‌కే గయీ. ఖరాబ్ హై, కిసీ కో బేచ్‌నా మత్."

చెడ్డ మిషన్ అట, ఇంకెవరి పాలా పడకుండా పగలగొట్టమని ముసలమ్మే చెప్పి వెళ్లిందట. పక్కన టెంపోవాడు "ఏం ఎక్కించాలె అన్నా?" అని అడుగుతూనే ఉన్నాడు. నన్ను ఎక్కించమందామనుకున్నాను.

మిషన్ పోయిందన్న బాధ వారం తిరిగేసరికి తగ్గి ఉండేదేమో. అంతలో షేర్ ఆటోలో శ్రావణి కలిసింది, మెడలో ఏదో గోదాము కార్డు.

"కుట్టుడు ఏమాయె?" అన్నాను.

"మిషన్ ఖరాబ్ నిక్లీ నా మామా. ఇప్పుడు గోదాంల ప్యాకింగ్. దినమంతా ఖడా ఉండాలె, పాయ్ దుఖ్తయి."

రోజంతా నిలబడి పాదాలు నొప్పులట. ఇంటి పట్టున కూర్చుని కుట్టుకోవలసిన పిల్ల. దిగాల్సిన చోట దిగడం మరిచిపోయి చాలా దూరం పోయాను.

ఆ సాయంత్రమే నా పదకొండింటిలో మేలైనదాన్ని తుడిచి రాజవ్వకు ఊరికే ఇద్దామని బయల్దేరాను. గుమ్మం దాకా సుజాత కూడా ఒక చెయ్యి వేసింది. "ఇంకోటి గూడ తీస్కపోరాదు" అంది ఆశగా.

రాజవ్వ మిషన్ చుట్టూ తిరిగింది. చక్రం మీద వేలు పెట్టింది. వంగి చెవి పెట్టి విన్నది. కొంగుతో పైన రుద్ది చూసింది.

"వద్దు బిడ్డా" అంది జాలిగా.

"ఎందుకు పెద్దమ్మా?"

"ముట్టుకుంటెనే తిరుగుతుంది. చప్పుడు గూడ లేదు, పండ్లు అరిగినయి. మెరుపు జూడు ఎట్లున్నదో. నిన్నెవడో మోసం జేసిండు, నీకు తెల్వలే."

ఇక తప్పించుకునే దారి లేదు. మిషన్ పక్కన నేల మీద కూర్చున్నాను.

"గట్లుంటెనే మంచి మిషన్ పెద్దమ్మా. నీది ఇంకా మంచిది. సస్తాల కొట్టేద్దామని లేని వంకలు పెట్టిన."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మిషన్ చక్రాన్ని ఇంకోసారి తిప్పింది. 

"మరి ఆయన బట్టకు గూడ గట్లనే పెట్టినవా?"

నర్సయ్య మా బల్లకు అవతలివైపు నిలబడేవాడు. నా వేలు ఆగినచోటల్లా వంగి చూసి, ఏమీ కనబడకపోయినా "అవును, నిజమే" అనేవాడు.

"కోత పడ్డనాడు ఇంటికొచ్చి, నా కండ్లు పోయినయే రాజవ్వా, తప్పులు కనబడ్తలేవు అనెటోడు" అంది ఆమె.

"ఆయన బట్ట మంచిదే పెద్దమ్మా. ఆయన కండ్లు గూడ మంచిగనే ఉండె."

"గా మాట ఆయనకు చెప్పకపోతివి" అంది. తరువాత శ్రావణిని పిలిచి మిషన్‌ను మూలకు జరిపించింది. వెళ్లేటప్పుడు నాకు మంచినీళ్లు కూడా ఇచ్చింది.

ఇందుమూలంగా పద్మనగర్‌లోని యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట ఎవరి ఇంట్లో పాత మిషన్ ఉన్నా నన్ను పిలవకండి. పిలిచినా రాను. వచ్చినా "మంచిది" అనే ఒక్క మాట తప్ప ఇంకోటి అనను. సస్తాలో ఇస్తామంటే చెవులు మూసుకుని పరుగెత్తుతాను. ఇది సుజాత మీద ఒట్టు.

బల్ల దగ్గర కూడా ఇదే ఒట్టు నిలబెట్టుకోవాలని చూస్తున్నాను. మొన్న వరుసగా తప్పులేని తాకాలు పంపించేసరికి సేట్ నన్ను లోపలికి పిలిచి, ఒకసారి కళ్లు చూపించుకోమన్నాడు.