మిషను కొండ మీదికి రొట్టె

మా ఆయన కృపానిధికి వచ్చిన విద్య ఒక్కటే, మిషను కొండ మీదికి సైకిల్ దిగకుండా ఎక్కడం. నెల్లిమర్ల జూట్ మిల్లులో బేళ్లు మోసే మనిషి, వంటింట్లో నీళ్ల బిందె మాత్రం ఇటునుంచి అటు జరపడు. అడిగితే నడుం నొప్పంటాడు. కొండ కనబడితే ఆ నొప్పి ఎక్కడికి పోతుందో పెళ్లయిన నాటినుంచి చూస్తున్నాను, నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

కొండంటే మరీ పెద్దదేం కాదు. కింద బజారు, పైన మా బాప్టిస్టు చర్చి. దారి మొదట మర్యాదగానే ఉంటుంది. చింతచెట్టు దాటాక ఒక మలుపు తిరిగి నిలువునా లేస్తుంది. అక్కడ ఆటోవాళ్లు కూడా జనాన్ని దించేసి ఖాళీ బండి ఎక్కించుకుంటారు. మా ఆయన మాత్రం సీటు మీంచి లేచి, అటూ ఇటూ ఊగుతూ, కాలు నేలకి తగలకుండా పోతాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా పెళ్లినాడు జీపు వద్దని, కోటు వేసుకుని సైకిల్ మీదే చర్చికి ఎక్కాడు. ఫొటోలో నా పక్కనున్న మనిషి చెమటతో తడిసి, పెళ్లికొడుకో చెరువులోంచి తీసినవాడో తెలీకుండా ఉంటాడు.

ఆ కాళ్ల వల్లే ఆయనకి ఒక పదవి వచ్చింది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఆ రోజు సంఘమంతా పంచుకునే రొట్టె, ద్రాక్షరసం బజారులోంచి పైకి తేవాలి. మా ఆయన పాట ఎత్తుకుంటే పక్కవాళ్లు ఆపేస్తారు, ప్రార్థన చెయ్యమంటే నోరు పెగలదు, సంఘం కమిటీలోకి ఎవరూ పిలవరు. హ్యాండిల్‌కి రొట్టె సంచి తగిలించుకుని చర్చి వాకిట్లోకి వచ్చినప్పుడు మాత్రం పెద్దలందరూ పక్కకి జరిగి దారి ఇస్తారు. ఆయన్ని మనిషిగా చూసేది నెలకి ఆ ఒక్క పూట. ఆ పని పోతే ఆయనకింకేం మిగలదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

దానికి ఎసరు పెట్టింది నా తోడబుట్టినవాడే. మా తమ్ముడు ఫిన్నీ ఇన్సూరెన్సు ఏజెంటు. మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు. వాడు విజయనగరం వెళ్లి ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కొచ్చాడు. అక్కడున్న వాటిలో చవకది. పేరుకి పెడల్స్, వెనక చక్రంలో ఒక చిన్న మోటారు, సీటు కింద ఇటుకంత బ్యాటరీ, లైసెన్సు అక్కర్లేదు. కొండెక్కుతుందా అని వీడు అడిగితే, షాపాయన అప్పలనరసింహం గారు "ఎత్తొస్తే మోటారు సాయం పడతాది బాబూ" అన్నారట. మావాడికి తెలిసిన సాయం ఒకటుంది. నలుగురూ బీరువా మోస్తుంటే వెనకాల నిలబడి "నెమ్మది, నెమ్మది" అనడం. మోటారుకి తెలిసిన సాయం కూడా అదేనని వాడికి తట్టలేదు. పెడల్స్ పోలీసులకి చూపించడానికి పెట్టారనుకున్నాడు.

బండి హ్యాండిల్ మీద చెయ్యివేసి పాస్టరు గారు ప్రార్థన చేశారు. అప్పలనరసింహం గారు షాపులోనే నిమ్మకాయ, మిరపకాయలు కట్టి పంపించారు. వాటిని మావాడు విప్పలేదు, బ్యాటరీ పక్కన జేబురుమాలు కప్పి దాచాడు. ఎందుకురా అంటే, ఉంటే నష్టమేటక్కా అన్నాడు. దేవుడి విషయంలో కూడా వాడు రెండు పాలసీలు తీసుకుంటాడు.

ఎచ్చెర్ల యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే థామస్ గారు మా సంఘానికి కార్యదర్శి. ఆరాధన అయ్యాక ఆయన లేచి, కాలం మారుతోంది, సంఘం వెనకబడకూడదు, ఇకమీదట రొట్టె పొగలేని వాహనం మీద రావాలి అన్నారు. మా ఆయన సైకిల్ ఎన్నడు పొగ వదిలిందో ఎవరూ అడగలేదు. ఈ బల్ల ఆదివారం ఫిన్నీ తేవాలి, బండి ఆగకుండా పైకొస్తే ఆ పని ఎప్పటికీ వాడిదే అని తీర్మానించారు.

ఆ రోజు మా ఆయన అన్నం ముట్టలేదు. చీకటి పడేదాకా సైకిల్ చెయినుకి నూనె వేస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. రొట్టె ఎవరు తెస్తే ఏమిటి, తినేది అందరమే కదా అని అరిచాను. ఆయన తలెత్తలేదు.

"మరి ఆదివారం నానేటి సెయ్యాల?" అన్నాడు.

లోపలికెళ్లి టార్చిలైటు తెచ్చి చెయిను మీద పట్టుకున్నాను.

ఆదివారం నేను ముందే నడిచి వెళ్లి మలుపు పక్క రాయి మీద కూర్చున్నాను. బజారంతా అక్కడినుంచి కనబడుతుంది. చదునుమీద మావాడు బాణంలా వచ్చాడు. తెల్లచొక్కా, ముందు బుట్టలో రొట్టె, ఒక చెయ్యి ఊపుతూ అందరికీ వందనాలు. మా ఆయన ఎక్కడో వెనక, చేతిలో ఏమీ లేకుండా వట్టి సైకిల్ తొక్కుతూ వస్తున్నాడు. ఆయన్ని రమ్మని ఎవరూ పిలవలేదు, అయినా వచ్చాడు.

చింతచెట్టు దాకా బండిదే పైచెయ్యి. మలుపు తిరగ్గానే దాని గొంతు మారింది. ముందు గుయ్యిమంది, తరవాత మూలిగింది, హ్యాండిల్ మీద ఎర్రలైటు కొట్టుకుంది. ఫిన్నీ యాక్సిలరేటరు పిండేశాడు. అప్పుడు పెడల్స్ గుర్తొచ్చి తొక్కబోయాడు. బ్యాటరీ బరువు, వాడి బరువు, మొన్నటి క్రిస్మస్ బిర్యానీ బరువు, అన్నీ కలిసి కిందికి లాగాయి. అంతలో మా ఆయన సీటు మీంచి లేచి, పళ్లు బిగించి, వాణ్ణి దాటేశాడు. నా తమ్ముడు ఓడిపోతుంటే నాకు సంతోషం వేసింది. దాచుకోవడం దేనికి.

దాటి నాలుగు బారలు పైకి వెళ్లిపోయాడు. ఇంకో ఊపు ఊగితే చర్చి కనబడుతుంది. వెనక ఫిన్నీ బండి కిందికి జారడం మొదలుపెట్టింది. బ్రేకు నొక్కి, ఒరిగిపోతూ, వాడు పిలిచాడు.

"బావా, రొట్టె పడిపోతన్నాది."

మా ఆయన వెనక్కి చూశాడు, పైకి చూశాడు, సైకిల్ దిగాడు. ఆ కొండమీద ఆయన కాలు నేలకి తగలడం నేను చూడ్డం అదే మొదలు. సైకిల్‌ని గట్టుకి ఆనించి పరుగున వచ్చి, బండి కేరియర్ రెండు చేతుల్తో పట్టి తోశాడు. వెనకనుంచి మనిషి తోస్తుంటే మోటారుకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

చర్చి మెట్లమీంచి చూసేవాళ్లకి దారి చివరి ముక్క మాత్రమే కనబడుతుంది. మావాడు అక్కడికి వచ్చేసరికి చదునయింది, మా ఆయన చేతులు తీసేశాడు. పైవాళ్లు చూసింది రొట్టెతో దర్జాగా వస్తున్న ఫిన్నీని, వెనకాల సైకిలైనా లేకుండా రొప్పుతూ నడుస్తున్న కృపానిధిని. థామస్ గారు చప్పట్లు కొట్టారు. పాపం, కృపానిధి కూడా దిగిపోయాడన్నారు.

వాక్యం అయ్యాక సాక్ష్యాల సమయం, దేవుడు చేసిన మేలు ఎవరికివారు లేచి చెప్పుకోవాలి. ఫిన్నీ లేచాడు. వాడి మొహం బాగాలేదు. నిజం చెప్పేస్తాడనే అనుకున్నాను. ఇంట్లో వాడు బావని కృప బావ అనే పిలుస్తాడు.

"మలుపుకాడ బండి ఆగిపోనాది. నా బలం కాదు, మోటారు బలం కాదు. కృప ఎనకనుంచి తోసినాది" అన్నాడు.

చర్చి అంతా హల్లెలూయ అంది. తోసినాడు అనుంటే మా ఆయన. తోసినాది అన్నాడు కాబట్టి దేవుడి కృప. ఒక్క అక్షరం మార్చి నా తమ్ముడు అబద్ధం ఆడకుండా గట్టెక్కాడు. పాస్టరు గారికి కళ్లు చెమర్చాయి. దేవుడే తోశాక బండి ఆగిన లెక్క దేనికని, రొట్టె పని ఫిన్నీకి ఖాయం చేశారు. నేను లేవబోయాను. చివరి బెంచీలోంచి మా ఆయన నన్ను చూసి, కూకో అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ నెలంతా నేను తమ్ముడితో మాట్లాడలేదు, మొగుడితో మాత్రం ఇద్దరికీ సరిపడా మాట్లాడాను. మళ్లీ బల్ల ఆదివారం వచ్చింది. మా ఆయన పొద్దున్నే స్నానం చేసి, మిల్లుకి తొడుక్కునే బూట్లు వేసుకుని, సైకిల్ ముట్టకుండా నడిచి బయల్దేరాడు. ఇంత పెందలాడే ఎక్కడికని అడిగాను.

"మలుపుకాడికి. ఆడొచ్చీసరికి నానుండాల. నేకపోతే రొట్టె పైకి రాదు" అన్నాడు.

తిట్టడానికి నోరు తెరిచాను. ఈ నెల్లో ఫిన్నీ ఇంకాస్త ఒళ్లు చేశాడని గుర్తొచ్చింది. ఒక్క మనిషి వల్ల అయ్యేలా లేదని, చెంగు దోపుకుని నేనూ ఆయన వెనకే వెళ్లాను.