సీరియల్ అంచున పెన్సిల్ రాతలు

మొన్న నాచారంలో స్కూటర్ సర్వీసింగ్‌కి ఇచ్చి, అది తెమిలేలోగా ఆకలేసి పక్కనున్న కర్రీ పాయింట్ ముందు వరసలో నిలబడ్డాను. దొండకాయ వేపుడు కట్టించుకుంటూ తలెత్తి చూద్దును కదా, ఆ రెండు మెట్లూ ఆ షట్టరూ నాకు బాగా తెలిసినవే. ఇది మన అద్దె పుస్తకాల షాపు! పప్పు డేగిశా పెట్టిన చోట ఒకప్పుడు వారపత్రికల కట్టలుండేవి. నేనక్కడే మైమరచి నిలబడిపోతే వెనకాయన "సార్, జర జరుగుండ్రి" అన్నాడు. పొట్లం పట్టుకుని పక్కకు జరిగానే గానీ, మనసు మాత్రం రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లోకి పోయి కూర్చుంది.

అద్దె పుస్తకాల షాపంటే ఏమిటో నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, మా షాపు పెద్దాయనకు ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. వారపత్రిక రాగానే అందులో బాగా నడుస్తున్న సీరియల్ కాగితాలు జాగ్రత్తగా విడదీసి, దబ్బనంతో దారం కుట్టి, పాత వారాల కట్టకు చేర్చేవాడు. ఆ కట్టను ఎవరికీ ఇంటికివ్వడు. అక్కడే స్టూలు మీద కూర్చుని చదువుకోవాలి. మధ్యాహ్నం ఆడవాళ్ళు, సాయంత్రం ఫ్యాక్టరీలు వదిలాక మాబోటివాళ్ళు. చదువుతూ చదువుతూ కాగితం అంచున ఎవరికి తోచింది వాళ్ళు రాసేవాళ్ళు. పెన్నయితే పెద్దాయన చెయ్యి విరగ్గొడతానన్నంత పని చేసేవాడు గానీ, పెన్సిలుకు మాత్రం అభ్యంతరం ఉండేది కాదు.

అప్పుడు నడుస్తున్న సీరియల్లో గడియారాలు బాగుచేసే మనిషి ఒకడుండేవాడు. అతనికి పేరేదో ఉంది గానీ మేమంతా గడియారాలాయన అనే అనేవాళ్ళం. ఎవరింటికీ వెళ్ళడు, ఎవరొచ్చినా తలుపు తీయడు, గడియారాలు కిటికీలోంచే తీసుకుని కిటికీలోంచే ఇచ్చేస్తాడు. కథంతా అంతే, ఏమీ జరగదు. అయినా ఆ ఏమీ చెయ్యని మనిషి గురించి అంచుల్లో జరిగిన పోట్లాట ఇంతా అంతా కాదు. ఒకరు వీడికి పొగరని రాశారు. ఒకరు చిన్నప్పుడు తల్లి పోయి ఉంటుందని కన్నీళ్ళు పెట్టుకున్నారు. పెళ్ళి చేస్తే అన్నీ వాటంతటవే కుదురుకుంటాయని ఇంకొకరు మన ఇళ్ళల్లో అన్ని రోగాలకూ చెప్పే మందు చెప్పారు. మా చిన్నాన్న కూడా ఇంతేనని ఒకరు రాస్తే, మా ఆయన ఇంతేనని దాని కిందే మరొకరు.

నాకు మాత్రం అతను అచ్చంగా నేనే. తెనాలి దగ్గర్నుంచి వచ్చి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, ఉప్పల్ వైపు ఒక ఇంటి మేడమీద ఒంటిగదిలో ఉండేవాణ్ణి. మనుషులంటే భయమే తప్ప కోపం లేదు. ఎదుటివాళ్ళు రెండు మాటలడిగితే నా నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. కింద ఇల్లుగలావిడ, నేను అక్కా అనే ఆవిడ, వీధి చివరిదాకా వినబడే గొంతున్న మనిషి. మెట్లు ఆవిడ వంటింటి కిటికీ పక్కనుంచే ఎక్కాలి. "ఏం తమ్మీ, తిన్నవా? రా, సర్వపిండి చేసిన" అని రోజూ పిలిచేది. తిన్నానండీ అని అబద్ధమాడి పైకెళ్ళి బ్రెడ్డు ముక్కలు నీళ్ళతో మింగేవాణ్ణి. ఆ పిలుపు తప్పించుకోవడానికి చివరికి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పిల్లిలా మెట్లెక్కడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడదొక ఘనకార్యం.

ఒకవారం కట్ట తెరిస్తే అంచున గుండ్రటి పెద్ద అక్షరాలు: "గీయన్ని చెయ్యి వట్టి బయటికి గుంజాలె." నాకు ఒళ్ళు మండింది. ఎవరో మీసాలున్న రిటైర్డు పెద్దమనిషి అనుకుని, దాని కింద నా డ్రాయింగు అక్షరాల్లో, విడివిడిగా నిటారుగా రాశాను: "గుంజకండి. కొన్నాళ్ళు పిలవడం మానేసి చూడండి. ఆయనే వస్తాడు." మరుసటి వారం జవాబుంది. "రాత సూస్తె చిన్నోని లెక్కున్నవ్ తమ్మీ. మాకెరుకైనాయన ఒకాయన గిట్లనే ఉంటడు. నీ మాట ఇని పిలుసుడు బంద్ వెడ్తున్న." ఎక్కడో నాబోటి పుణ్యాత్ముడు ఒకడు ఊపిరి పీల్చుకుంటాడు కదా అని ఆ రోజు ఎంత పొంగిపోయానో చెప్పలేను. గడియారాలాయన్ని నా అంతగా అర్థం చేసుకున్నవాడు నాచారం మొత్తంలో లేడనుకున్నాను.

ఆ వారంలోనే మా ఇంటి కిందనుంచి పిలుపు ఆగిపోయింది.

మొదటి రెండు రోజులూ హాయిగా ఉంది. మూడో రోజు కాస్త వింతగా అనిపించింది. వారం తిరిగేసరికి చెప్పులు వేసుకునే టకటకా ఎక్కుతున్నాను, కిటికీ దగ్గర దగ్గుతున్నాను, ఒకరోజు కావాలనే తాళంచెవి కింద పడేశాను కూడా. లోపల పోపు చిటపటలే తప్ప మాట లేదు. ఆవిడ నన్ను చూసీ చూడనట్టు తల తిప్పుకునేది. ఇక నాకు ఖాయమైపోయింది, ఆవిడకు నా మీద కోపం వచ్చింది, రేపో మాపో ఖాళీ చెయ్యమంటారు. ఖాళీ చెయ్యమనిపించుకోవడం కన్నా మనమే పోవడం నయమని, మల్కాజిగిరిలో ఒక గది ఉందంటే ఆదివారం వచ్చి చూస్తానని ఫ్యాక్టరీలో ఒకాయనకు చెప్పేశాను. చెప్పానే గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. నన్ను తిన్నావా అని అడిగే గొంతు ఈ ఊరు మొత్తంలో అదొక్కటే, దాన్ని పోగొట్టుకుంటున్నానని అప్పటిగ్గానీ తెలియలేదు.

శనివారం సాయంత్రం, పోయేముందు చివరిసారి అనుకుంటూ షాపుకెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. కొత్త కాగితం అంచు మొత్తం ఆ గుండ్రటి అక్షరాలే. "తమ్మీ, నువు చెప్పినట్టె పిలుసుడు బంద్ వెట్టిన. మస్తు కష్టమైతుంది. పిలగాడు మా మీదిగదిల ఉంటడు. చెప్పులు చేతుల వట్టుకొని దొంగ లెక్క మెట్లెక్కుతడు, నేను సూస్తలేననుకుంటడు. తిన్ననంటడు గని తినడు, మొఖం చిక్కిపాయె. గిప్పుడు దగ్గుతున్నడు, దవాఖానకు వొమ్మందమంటె నువు మాట్లాడొద్దన్నవ్. ఏం జెయ్యాల్నో జర చెప్పు."

స్టూలు మీంచి పడలేదంతే. సిగ్గూ నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నన్ను పిలవొద్దని నేనే రాసిచ్చాను, ఆవిడ పాపం వేదవాక్కులా పాటించింది! అన్ని వారాలూ ఆ కథను నేను గడియారాలాయన గదిలో కూర్చునే చదివాను. తలుపు బయట అన్నం పట్టుకుని నిలబడ్డవాళ్ళకు కాళ్ళు లాగుతాయని ఒక్కసారైనా తోచలేదు. జవాబు రాద్దామని పెన్సిలు తీసుకుని, రాయకుండానే మళ్ళీ జేబులో పెట్టేశాను. పెద్దాయన షట్టరు సగం దించేదాకా కూర్చుని, లేచి ఇంటికి నడిచాను.

వంటింటి కిటికీ దగ్గర ఆగాను. కాళ్ళు మెట్లవైపే లాగుతున్నాయి. చివరికి ఎలాగో అన్నాను, "అక్కా, నేను అన్నం తినలేదు." ఎప్పుడూ వీధి అదరగొట్టే మనిషి ఆ పూట ఒక్క మాటా ఎక్కువ అడగలేదు. "కాళ్ళు కడుక్కో తమ్మీ" అంది, అంతే. ఆ రోజు జొన్నరొట్టె, పచ్చిపులుసు, వంకాయ కూర. ఎన్ని రొట్టెలు తిన్నానో నాకే తెలియదు. మల్కాజిగిరి గది ఎవరికి దక్కిందో కూడా తెలియదు.

తర్వాతి వారం అంచున ఒకే వాక్యం ఉంది: "వచ్చిండు తమ్మీ, నీ నోట్ల చక్కెర పొయ్య." సీరియల్ మాత్రం గడియారాలాయన తలుపు తీయకుండానే అయిపోయింది. అందరూ ఎవరికి తోచిన శాపనార్థాలు వాళ్ళు పెట్టారు. సమాప్తం అన్న అక్షరాల కింద అక్క రాసింది నాకిప్పటికీ కంఠతా వచ్చు: "గీ కత రాసినాయనకు తెల్వది. బయటికొస్తరు." పుట్టిల్లు నాచారంలోనే కాబట్టి మధ్యాహ్నాలు తల్లిని చూడబోయి షాపులో కూర్చునేదని ఆ తర్వాత మాటల్లో తెలిసింది. పెన్సిలు నాదని మాత్రం నేను చెప్పలేదు.

ఆ ఇంట్లో మరి పుష్కరం పాటు ఉన్నాను. పెళ్ళయ్యాక మా ఆవిణ్ణి తీసుకొచ్చిందీ ఆ మేడమీదికే. ఉద్యమం రోజుల్లో అక్క ఒక మాటనేది, నేనొక మాటనేవాణ్ణి, వీధంతా విని నవ్వేవాళ్ళు, ఇద్దరం కలిసే భోంచేసేవాళ్ళం. రాష్ట్రం వచ్చిన ఏడాదే ఆ ఇల్లు అపార్టుమెంటుకు ఇచ్చేసి అక్కావాళ్ళు చెంగిచెర్ల వెళ్ళిపోయారు. సామాను కట్టేసిన ఇంట్లో ఆఖరిపూట భోజనానికి కూర్చున్నప్పుడు, ఏదో గుర్తొచ్చినట్టు, ఆ షాపులో తనకు దారి చెప్పిన తమ్ముడి సంగతి ఎత్తింది. గంత మంచిగ తెలిసిందంటే వాడు గూడ గట్లాంటోడే అయి ఉంటడంది. "షాపు గూడ బందాయె. వానికి ఎవ్వలన్న ఇంత బువ్వ వెడుతున్నరో లేదో" అంది. పెడుతున్నారక్కా, కడుపునిండా పెడుతున్నారు, అన్నాను. ఆవిడ నావంక ఒక్క క్షణం చూసి, ఇంకో గరిటె కూర వేసింది.

ఇప్పుడు కథల గురించి పోట్లాడుకునే అంచులు లేవు, ఒక కట్టను పదిమంది చుట్టూ తిరిగి చదివే రోజులూ లేవు. పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతున్నాయి. చెంగిచెర్ల వెళ్ళినప్పుడల్లా ఆ తమ్ముణ్ణి నేనేనని చెప్పేద్దామనుకుంటాను, చెప్పకుండానే భోంచేసి తిరిగొచ్చేస్తాను. చెప్పేస్తే ఆవిడకు దిగులు తీరుతుంది, నిజమే. కానీ ముఖం తెలియని ఒక బిడియస్తుడు తిన్నాడో లేదో అని ఇన్నేళ్ళుగా బెంగపడే మనిషి ఈ ఊళ్ళో ఇంకా ఒకరున్నారన్న ధైర్యం నాకు కావాలి.