తత్వాల పేరయ్యగారి వీరాయమ్మ

తెల్లారగట్ల కొవ్వూరు వంతెన మీద మొదటి రైలు కూత వినబడగానే వీరాయమ్మ లేచి, వీధరుగు తుడిచి చాప పరుస్తుంది. తత్వాలు కట్టి పాడే ఆమె భర్త పేరయ్యగారు ఆ చాప మీదే కూర్చుని నలభై ఏళ్ళు బోధ చేశారు. ఆయన పోయి నెల దాటినా ఆమె చెయ్యి ఆ పని మానలేదు. పోయినవాళ్ళ కోసం ఏడవకూడదనీ, ఏడిస్తే తన మాట నమ్మనట్టేననీ ఆయన చెప్పేవారు. అందుకే సమాధి చేసిన రోజున శిష్యులంతా పళ్ళు బిగబట్టి నిలబడ్డారు. వీరాయమ్మకు ఆపాటి కష్టం కూడా లేకపోయింది. లోపల ఏదీ కదల్లేదు. పెద్దకర్మ నాడు జంగారెడ్డిగూడెం శిష్యుడు భీమరాజు టేప్‌రికార్డర్‌లో గురువుగారి క్యాసెట్ పెట్టాడు. ఆ గొంతు ఇల్లంతా నిండినా ఆమె తలెత్తకుండా మునగాకు దూస్తూనే ఉంది. భీమరాజు ఆమె కాళ్ళ మీద పడిపోయాడు. "గురువుగారి బోధ మాకెవరికీ కాదండీ, అమ్మగారికే వంటబట్టింది!" ఆమె కాలివేళ్ళను చీర కుచ్చిళ్ళలోకి లాక్కుంది. ఆనాటి నుంచి పొరుగూళ్ళ వాళ్ళు కూడా వచ్చి ఆమెకు దణ్ణం పెట్టుకుపోతున్నారు.

పక్కింటి సత్యవేణి మాత్రం రోజూ మజ్జిగన్నం తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. "ఏంటత్తా, దేవతవైపోయావంట! మాగాయ నంజుకునే దేవతని నేనెక్కడా చూళ్ళేదు," అంది ఒక మధ్యాహ్నం. వీరాయమ్మ నవ్వలేదు. గిన్నె కింద పెట్టింది. "నాకు జ్ఞానమూ లేదు, ఏమీ లేదే. ఏడుపు రావట్లేదు, అంతే. వాళ్ళేమో ఆయన మాటకి కట్టుబడిపోయారు. అంత మనిషి పోతే ఒక్కళ్ళూ ఏడవలేదు. నువ్వు ఆయన దగ్గర ఉపదేశం తీసుకోలేదు కదా," అంటూ సత్యవేణి చెయ్యి పట్టుకుంది. "నా బదులు కాసేపు ఏడ్చిపెట్టవా, తల్లీ?"